రుమాలు కింద చెయ్యి

నా పెళ్ళి మిరపకాయల బేరంతో పాటే కుదిరింది.

మా నాన్నది ప్రత్తిపాడు. పత్తి, మిరప వేసేవారు. కాయ ఎండాక బస్తాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకి తోలుకెళ్ళి, ఏటా ఒకే కొట్లో దించేవారు. ఆ కొట్టు కమీషన్ ఏజెంటే తర్వాత నాకు మామగారయ్యారు. రైతు సరుకుని కొనేవాళ్ళకి చూపించి రేటు కుదిర్చి పెట్టడం ఆయన పని. ఆ రోజుల్లో యార్డులో రేటు నోటితో చెప్పేవారు కాదు. చేతుల మీద ఓ తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని చెప్పేవారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎలా నొక్కితే ఎంత అన్నది ఆ ఇద్దరికే తెలుస్తుంది. పక్కన నిలబడ్డవాడికి తువ్వాలు కదలడం కనిపిస్తుంది, అంతే. నచ్చకపోతే చెయ్యి విదిలించుకుంటారు. నచ్చితే చెయ్యంతా గట్టిగా పట్టేస్తారు.

ఒక ఏడాది సరుకు రేటు కుదిరాక, అదే తువ్వాలు కింద, పట్టిన చెయ్యి వదలకుండానే, "మీ అమ్మాయిని మావాడికి ఇవ్వకూడదూ?" అన్నారట మా మామగారు. మా నాన్న ఆ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టేశారు. ఇంటికొచ్చి, "కాయ అమ్ముడుపోయింది, పిల్ల పెళ్ళి కుదిరింది" అని ఒక్క ఊపిరిలో చెప్పారు. మా అమ్మ ముందు కాయ ఎంతకి పోయిందో అడిగింది. నన్నెవరూ ఏమీ అడగలేదు.

అందుకని నాకు తువ్వాళ్ళ మీద కక్ష. ఎవరి భుజం మీద చూసినా ఒళ్ళు మండుతుంది. నా ఖర్మ, మా ఆయన తన తండ్రి కొట్లోనే కూర్చుని, తండ్రి లాగే తువ్వాలు వేసుకుని, బతుకంతా వేళ్ళతోనే వ్యాపారం చేశారు. మంచి మనిషి. కోపం రాదు, నాకొచ్చేదే ఇద్దరికీ సరిపోతుంది. కానీ నోరు తెరిచి ఏదీ అడగరు. కూర కావాలంటే కంచం పక్కన వేళ్ళు ఆడిస్తారు. కాఫీ కావాలంటే బొటనవేలు చూపిస్తారు. నేను పుట్టింటికి వెళ్తే, ఎప్పుడొస్తావని తెలుసుకోవడానికి ఫోన్ చేసి "మరి" అని ఊరుకుంటారు. ఆ "మరి"లోంచి ప్రశ్నని బయటికి లాగాల్సింది నేనే. ఒకసారి డాక్టరు నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే, ఈయన రెండో చేత్తో తువ్వాలు తీసి పైన కప్పేశారు. డాక్టరు ఏమనుకున్నాడో గానీ నాడి మాత్రం చాలాసేపు చూశాడు.

ఆ డాక్టరే మిరప ఘాటుకి దగ్గు ముదిరిందని, ఇక యార్డు మానెయ్యమని చెప్పాడు. కొట్టు మా అబ్బాయికి అప్పజెప్పారు. వాడు రేట్లు ఫోన్లో చూసుకుంటాడు. వాడి భుజం మీద తువ్వాలు ఉండదు, చెవిలో ఏదో తెల్లటిది ఉంటుంది. మా ఆయన ఇంట్లో కూర్చుని, వేళ్ళకి పనిలేక, కుర్చీ చేతిని నొక్కుతూ ఉండేవారు. చూస్తే జాలేసేది. కుర్చీకి ఏం రేటు చెబుతున్నారో అని నవ్వు కూడా వచ్చేది.

అలాంటప్పుడు మా తమ్ముడు ఆయనకి ఓ పని పురమాయించాడు. ప్రత్తిపాడులో నాన్న పొలం వాడే చేస్తున్నాడు. పత్తి తియ్యడానికి కూలీలు దొరక్క వాడికి తల ప్రాణం తోకకొస్తోంది.

"బావా, ఖాళీగానే ఉన్నావుగా. పత్తి తీసే మిషన్లు ఏ దేశంలో ఎట్టా ఉన్నాయో ఫోన్లో చూసిపెట్టరాదూ" అన్నాడు.

మా ఆయన బుద్ధిగా చూడటం మొదలుపెట్టారు. అలా చూస్తూ చూస్తూ అర్జెంటీనా చేరారు. ఆ దేశం ఉత్తరాన పత్తి బాగా పండుతుందట. ఓ వీడియోలో ఇల్లంత యంత్రం చేలో నడుస్తూ దూది మింగుతోంది. దాని తర్వాతి వీడియోలో ఆ చేల పక్క ఊళ్ళోనే పండగ. గిటార్లు, ఓ పెద్ద డోలు, చుట్టూ జనం చప్పట్లు, మధ్యలో జంటలు ఆడుతున్నారు. యంత్రం వెళ్ళిపోయింది గానీ మా ఆయన అక్కడే ఉండిపోయారు. మర్నాటికి ఫోను కూడా ఆయన మనసు కనిపెట్టి, యంత్రాలు మానేసి పాటలే చూపించసాగింది.

"మిషను సంగతేమైంది బావా?" అని తమ్ముడు అడిగితే "చూస్తున్నాన్రా" అనేవారు. చూస్తున్నది చకరేరా.

చకరేరా అంటే అక్కడి పల్లెటూళ్ళ ఆట. ఎండా, దుమ్మూ, పత్తీ ఉన్న ప్రాంతమే దాని పుట్టిల్లని తెలిసి మా ఆయన చాలా సంతోషించారు, ఏదో చుట్టరికం కలిసినట్టు. ఆడా మగా ఎదురెదురుగా నిలబడి, ఒకరినొకరు తాకకుండా తిరుగుతారు. మగవాడు బూట్లతో నేలని టకటకా తొక్కుతాడు. ఆడమనిషి పావడా అంచులు పట్టుకుని ఊపుతుంది. మొదలయ్యే ముందు ఎవరో ఒకరు "అదెంత్రో!" అని కేక పెట్టాలి. లోపలికి రండి, ఆటలోకి దిగండి అని అర్థమట. ప్రతి ఆటా రెండుసార్లు ఆడాలి. మొదటిది అయ్యాక కాస్త ఊపిరి తీసుకుని, మళ్ళీ కేక పెట్టి, అదే ఆట రెండోసారి. రెండోది ఆడకుండా వెళ్ళిపోతే మర్యాద కాదట.

ఇవన్నీ వీడియోల్లో పాఠాలు చెప్పే ఓ పెద్దావిడ చెప్పింది. జుట్టంతా నెరిసింది గానీ నడుము నిటారుగా ఉంటుంది. ఆవిడ స్పానిష్‌లో మాట్లాడుతుంటే ఫోను కింద తెలుగు అక్షరాలు వేస్తుంది. ఆ తెలుగు చదివితే నాకు చిన్నప్పుడు పాఠం చెప్పిన మాస్టారు సన్యాసం పుచ్చుకునేవారు. ఒకరోజు "మేకను గౌరవంగా కొట్టండి" అని వచ్చింది. మేం ఇద్దరం ఆ వాక్యం మీద సాయంత్రం దాకా తర్జనభర్జన పడ్డాం.

మేక సంగతి తర్వాత తేలింది. వాళ్ళ డోలుని బొంబో అంటారు. చెట్టు మాను తొలిచి, మేక తోలో గొర్రె తోలో బొచ్చుతో సహా బిగిస్తారు. బొచ్చు ఉంటేనే ఆ మెత్తటి బరువైన మోత వస్తుందట. కోసు దూరం వినిపిస్తుందని దానికి పేరు. మా ఆయన, మా తమ్ముడు కలిసి డప్పులు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళి, బొచ్చు తియ్యకుండా కట్టమని అడిగారు. ఆయన ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"బొచ్చుతో డప్పేంటండీ? నేను కట్టానని తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తారు. ఎవరడిగినా నా పేరు బయటపెట్టం అని ఒట్టెయ్యండి, అప్పుడు కడతా" అన్నాడు.

ఇద్దరూ ఒట్టేశారు. డోలు ఇంటికొచ్చింది. దానితోపాటు మా వీధి కుక్కలన్నీ వచ్చి గుమ్మంలో కాపురం పెట్టాయి. వాన పడితే హాలంతా తడిసిన మేక వాసన. ఇంట్లో ఆ డోలైనా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నాను. మా ఆయన కుర్చీ చేతి మీద వేళ్ళు ఆడిస్తూ ఆలోచించారు. ఆలోచించడమే నాకు మండింది. చివరికి మా తమ్ముడు దాన్ని ప్రత్తిపాడు పట్టుకుపోయి, చేలో పడే అడవిపందుల్ని బెదరగొట్టడానికి వాడుకున్నాడు. పందులు బెదిరాయో లేదో నాకు తెలీదు. వాడికి మాత్రం వాయించడం వచ్చేసింది. కోసు దూరం సంగతి కూడా నిజమేనని తేలింది, పక్క ఊరివాళ్ళు తగువుకొచ్చారు.

చకరేరాకి మా ఆయన మోకాళ్ళు ఒప్పుకోలేదు. తొక్కుడు మొదలెట్టిన రోజునే కింద వాటాలో ఉన్నవాళ్ళు పైకొచ్చి, రోకలి పోటు ఈ వేళప్పుడేంటని అడిగారు. అప్పుడు ఆ పెద్దావిడ పాఠాల్లోనే సాంబ కనబడింది. ఈకలు పెట్టుకుని ఊరేగే బ్రెజిల్ వాళ్ళ సాంబా వేరు, ఇది వేరు. ఆ ముక్క తర్వాత నేను మా చుట్టాలందరికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది, ముఖ్యంగా ఈకల గురించి కంగారు పడినవాళ్ళకి.

ఈ సాంబ నెమ్మదిగా సాగుతుంది. ఇద్దరి చేతుల్లోనూ చెరో రుమాలు ఉంటుంది. మగవాడు రుమాలుతో అడుగుతాడు. ఆవిడ తప్పుకుంటుంది. ఇటు తిరిగొచ్చి మళ్ళీ అడుగుతాడు. ఆవిడ రుమాలుని మొహానికి అడ్డం పెట్టుకుంటుంది, దగ్గరికి వచ్చినట్టే వచ్చి భుజం తిప్పేసుకుంటుంది. అతను విసుక్కోడు, మళ్ళీ అడుగుతాడు. ఎక్కడా చెయ్యి తగలదు. ఆఖర్న ఆవిడ ఇష్టపడితే, తన రుమాలుని ఆవిడ మెడ వెనక నుంచి భుజాల మీద వేస్తాడు. దానితో ఆట అయిపోతుంది.

మొదటిసారి అది చూసినప్పుడు నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఆయన చేతిలో ఫోను లాక్కుని మళ్ళీ మొదట్నించీ చూశాను. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన కంగారుపడి చిక్కుడుకాయల వంక చూశారు. ఎందుకు ఏడ్చానో అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్పగలను. ఆ ఆడమనిషిని అన్నిసార్లు అడిగారు.

అప్పుడే మా ఆయనకి అరవై నిండుతున్నాయని, షష్టిపూర్తి చెయ్యాలని మా అబ్బాయీ తమ్ముడూ కలిసి నిశ్చయించేశారు. గుంటూరులో అయితే ఘాటుకి దగ్గొస్తుందని చీరాలలో కల్యాణమండపం మాట్లాడారు. షష్టిపూర్తి అంటే పెళ్ళి మళ్ళీ చెయ్యడమే. పీటలు, తలంబ్రాలు, మంగళసూత్రం అన్నీ ఉంటాయి. ముహూర్తం కూడా పెట్టించేశాక మా తమ్ముడు వచ్చాడు.

"అక్కా, భోజనాల్లోకి గోంగూర పెట్టిద్దామా, దోసకాయ పెట్టిద్దామా?"

"ముందు నన్ను అడిగార్రా?"

"అదేగా అడుగుతున్నా. గోంగూరా, దోసకాయా?"

"పీటల మీద కూర్చుంటావా అని నన్నెవరైనా అడిగారా అంటున్నా."

వాడికి అర్థం కాక బావ వంక చూశాడు. మా ఆయన "మరి" అన్నారు.

నాకు ఎక్కడో కాలింది. మొదటిసారి తువ్వాలు కింద కుదిర్చారు, చిన్నదాన్ని, నోరు లేదు, సరే. రెండోసారి కూడా అడక్కుండా కట్టించుకునేది లేదు. ఆయన అడిగితేనే పీటల మీదకొస్తాను, అడక్కపోతే ఆ సూత్రం ఆ మేకడోలుకి కట్టుకోవచ్చు అన్నాను. నవ్వుతూ అన్న మాట కాదు. ఇన్నేళ్ళూ నాలో ఉన్న బాధే అది, మా తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పానంతే.

"అడిగెయ్ బావా, ఓ మాటేగా" అన్నాడు వాడు.

మా ఆయన నోరు తెరిచారు. మూశారు. దగ్గారు. మంచినీళ్ళు తాగారు. మళ్ళీ తెరిచారు. ఆ మనిషికి నిజంగానే రాదు. చివరికి ఫోను తీసి, సాంబ పెట్టి, నా వైపు తిప్పి, "ఇందులో అడుగుతా" అన్నారు.

"అందరి ముందా?"

"అందరి ముందే."

మర్నాడు హాల్లో సోఫాలు జరిపి మొదలుపెట్టాం. రుమాలు బదులు ఆయన తన తువ్వాలు తెచ్చుకున్నారు. పెద్దావిడ చెప్పినట్టే చక్కగా చుట్టూ తిరిగి వచ్చారు. తువ్వాలు చాచారు. అది నా చేతి మీదకి వచ్చిందో లేదో, ఆయన రెండో చెయ్యి దాని కిందకి దూరి నా వేళ్ళు పట్టుకుంది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. మొహం గోడలా ఉంది. పక్కవాడు కనిపెట్టకుండా యార్డులో మొహం అలాగే పెడతారట.

"ఏంటండీ ఇది?"

"ఏంటి?"

"నా వేళ్ళు."

చూసుకుని ఉలిక్కిపడ్డారు. "అలవాటు" అన్నారు.

"ఎంత చెప్పారు?"

చెప్పారు. మంచి కాయ రేటు కూడా కాదు, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ రేటు. ఆ పూట నేను అన్నం వండలేదు.

ఎన్నిసార్లు ఆడినా అంతే. అడుగులు కుదిరాయి, రుమాలు ఊపడం కుదిరింది, తువ్వాలు నా దగ్గరికి రాగానే చెయ్యి దూరేది. నేను ప్రతిసారీ ఎంతన్నారని నిలదీసేదాన్ని. ఆయన తప్పక రేటు చెప్పేవారు. అలా నాకు వేళ్ళ లెక్కంతా వచ్చేసింది. ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పొద్దని మా మామగారు పెట్టిన నియమం మా హాల్లో సోఫాల మధ్య మట్టిగొట్టుకుపోయింది. ఒకరోజు నేనే అడిగాను.

"ఏ వేలూ పట్టకుండా, ఊరికే అరచెయ్యి చాపితే ఏంటి?"

"అట్టా ఎవడూ చాపడు. ఎంతడిగితే అంతిస్తానని అర్థం. అట్టా చెయ్యిచ్చినోడు మర్నాడు యార్డులో ఉండడు."

"మీరెప్పుడైనా ఇచ్చారా?"

"నాకేమన్నా పిచ్చా?" అన్నారు.

తువ్వాలు ఉన్నంతకాలం ఈ చెయ్యి ఆగదని తేలిపోయింది. దానికి తోడు ఆఖర్న తువ్వాలు నా మెడ మీద గబుక్కున పడేసేవారు, పని తెమిలిపోతుందని. "అడగడమంటే జవాబు వచ్చేదాకా ఆగడమండీ" అని అరిచాను. ఆ దేశపు పల్లెల్లో ఓ కథ ఉందట. ఎక్కడో అడవిలో గుహ, అందులో సైతాను బడి. పాముల్నీ కప్పల్నీ దాటుకుని, ఒంటి మీద నూలుపోగు లేకుండా లోపలికి వెళ్ళినవాడికి గిటారైనా ఆటైనా వచ్చేస్తుందట. మా ఆయన అది విని, పిడుగురాళ్ళలో సున్నపురాయి తవ్వే గుంతల దగ్గర తనకి తెలిసినాయన ఉన్నాడని మొదలుపెట్టారు. "నూలుపోగు లేకుండానా? అరవయ్యేళ్ళకా?" అన్నాను. ఆ ప్రయత్నం విరమించుకున్నారు.

బట్టలు కొనడానికి చీరాల వెళ్ళినప్పుడు రుమాళ్ళ సంగతి నేనే చూశాను. మేం ఎప్పుడూ చీరలు తీసుకునేది ఓ నేతవాళ్ళ ఇంట్లో. పలచటి గుడ్డ కావాలి, కింద చెయ్యి పెడితే వేళ్ళు కనిపించాలి అని అడిగాను.

"అందరూ కనిపించకూడదని అడుగుతారమ్మా" అన్నాడాయన.

"మా ఆయన సంగతి మీకు తెలీదు" అన్నాను. ఆయన నాజూకైన తెల్లగుడ్డ తీసి, కింద తన చెయ్యి పెట్టి చూపించాడు. గోళ్ళు కూడా కనబడ్డాయి. రెండు రుమాళ్ళకి సరిపడా కత్తిరించి ఇచ్చాడు.

అక్కడి నుంచి వాడరేవు వెళ్ళాం, కొత్త రుమాళ్ళతో ఓసారి ఆడి చూద్దామని. ఎండెక్కింది కాబట్టి జనం లేరు. ఇసుకలో వలలు పరిచి చేపలు ఎండేశారు. మేం కాస్త అవతల నిలబడి మొదలుపెట్టాం. మా ఆయన రుమాలు ఊపగానే చేపల మీద వాలిన కాకులు సగం లేచాయి. నేను ఊపగానే మిగిలినవి కూడా పోయాయి. చేపలు తిరగేస్తున్న ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరమ్మా మిమ్మల్ని కాకులు తోలడానికి పెట్టింది?"

"ఎవరూ పెట్టలేదు. ఇది డాన్సు."

"మీ ఆయనేనా?"

"ఆఁ."

"ఏవడుగుతున్నాడు?"

అడుగుతున్నాడని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. "పీటల మీద కూర్చుంటావా అని" అన్నాను.

"కూర్చుంటావా?"

"ఇంకా తేల్చుకోలేదు."

"అయితే తేలిందాకా రోజూ రండమ్మా. కాకుల్తో చస్తన్నాం" అంది.

ఆ పూట ఆయన చెయ్యి నా రుమాలు కిందకి రాలేదు. నేను పొంగిపోయాను. ఆ తర్వాత చేపలు కొంటూ ఆవిడ చేతి మీద రుమాలు కప్పారు. ఆవిడ "ఓయమ్మో" అని చెయ్యి లాక్కుని నా వంక చూసింది. కారెక్కాక చెప్పేశాను. "ఇదిగో, ఆ రోజు అందరి ముందూ మీ చెయ్యి నా చేతి మీద పడి రేటు చెప్పిందో, అట్నుంచటే దిగి బస్సెక్కి గుంటూరు వెళ్ళిపోతా. నేను మిరపకాయని కాను." ఆయన తలూపారు. దారంతా తన కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

షష్టిపూర్తి రోజు మండపం నిండిపోయింది. ముందు వరసలో యార్డు పెద్దలు, మా మామగారి కాలం వాళ్ళు, అందరి భుజాల మీదా తువ్వాళ్ళు. వాళ్ళతోపాటే మిరప ఘాటు కూడా వచ్చి కూర్చుంది. సూత్రం కట్టే ముందు చిన్న కార్యక్రమం ఉందని చెబితే పురోహితుడు గారు గడియారం చూసుకుని, "తొందరగా కానివ్వండి" అన్నారు. మా తమ్ముడు పట్టుపంచె మీద ఆ బొచ్చు డోలు తగిలించుకుని మూల నిలబడ్డాడు. పాట పెట్టారు. వాడు డోలు మీద ఒక్కటిచ్చి, "అదెంత్రో!" అని పొలంలో పందుల మీద అరిచినట్టే అరిచాడు. సన్నాయి వాయించే ఆయన చేతిలో కాఫీ ఒలికిపోయింది.

మా ఆయన ఎడమచెయ్యిని వీపు వెనక్కి తీసుకెళ్ళి పంచె కట్టులో దోపుకున్నారు. కుడిచేత్తో రుమాలు ఎత్తారు. తిరిగారు. నేను తప్పుకున్నాను. చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టారు. మధ్యలో ఘాటుకి ఆయనకి తుమ్మొచ్చింది. రుమాలుతో ముక్కు తుడుచుకుని, అదే రుమాలుతో మళ్ళీ నన్ను అడిగారు. నేను ఇంకాస్త దూరం తప్పుకున్నాను, ఇది ఆటలో లేని తప్పుకోవడం.

మొదటిది అయిపోయింది. జనం చప్పట్లు కొట్టి, సగం మంది భోజనాలకి లేచారు. మా తమ్ముడు "రెండోది ఉంది! రెండోది!" అని అరిచాడు. రెండో బంతికి పిలుస్తున్నారనుకుని మిగతా సగం కూడా లేచారు.

"ఎక్కడికండీ? రెండోది చూడకుండా పోతే మర్యాద కాదు! కూర్చోండి!" అన్నాడు వాడు డోలు బాదుతూ. మర్యాద అనేసరికి అందరూ కూర్చున్నారు. పురోహితుడు గారు కూడా కూర్చున్నారు.

రెండోసారి ఆయన బాగా ఆడారు. నిజంగా బాగా ఆడారు. అడుగు తడబడలేదు, తుమ్ము రాలేదు. పాట ఆఖరికి వచ్చింది. రెండు చేతులతో నా మెడ మీద రుమాలు వెయ్యాలి గనక ఎడమచెయ్యి పంచె కట్టులోంచి బయటికొచ్చింది. నేను వాకిలి వంక చూసుకున్నాను, ఎటు నుంచి దిగాలో.

పాట అయిపోయింది. డోలు ఆగింది. ఆయన రుమాలు నా మెడ మీద వెయ్యలేదు. జానెడు దూరంలో ఆగిపోయారు.

"వేసెయ్ బావా!" అన్నాడు తమ్ముడు.

ఆయన వెయ్యలేదు. ఆగడమంటే ఇదేనా అన్నట్టు నా వంకే చూస్తున్నారు. అది యార్డు మొహం కాదు. నుదుట చెమట కారుతోంది. కుడిచేతిలో రుమాలు వేలాడుతోంది. దాని కింద ఎడమచెయ్యి ఉంది. అది నా వైపు రాలేదు, నన్ను తాకలేదు. వెల్లకిలా, వేళ్ళన్నీ విప్పి, ఊరికే చాపి ఉంది.

పలచటి గుడ్డ కదా, అందరికీ కనిపించింది. ముందు వరసలో ఓ పెద్దాయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్! చెయ్యి ముయ్యరా! కొంప మునుగుద్ది!"

మా ఆయన ముయ్యలేదు.

ఎన్నేళ్ళ నుంచో మోస్తున్న కోపం ఎక్కడికి పోయిందో నాకు తెలీదు. నేనే నా చెయ్యి ఆ రుమాలు కిందకి పెట్టాను. ఆయన వేళ్ళు పట్టుకుని, ఆయన నేర్పినట్టే నొక్కి, నా రేటు చెప్పాను. తాలుకాయ రేటు.

వేళ్ళ లెక్క తెలిసిన ముందు వరస మొత్తం గొల్లున నవ్వింది. ఆ పెద్దాయన కుర్చీలో కూలబడి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. మా ఆయన నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, దగ్గుతున్నారు. దగ్గు తగ్గాక, నా చెయ్యి వదలకుండానే, మా పెళ్ళయ్యాక మొదటిసారి నోరు తెరిచి ఓ పూర్తి ప్రశ్న అడిగారు.

"పీటల మీదకొస్తావా?"

హాలంతా నా వంకే చూస్తోంది. పురోహితుడు గారు గడియారం చూస్తున్నారు. నేను కాస్త ఆగి, "మరి" అన్నాను.